గ్రానైట్ పరచకముందే తేల్చుకోవలసిన కేబుళ్ల లెక్క

నమస్కారం. ఒంగోలులో కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒక ప్రేక్షకుడు గత వారం ఒక ప్రశ్న పంపారు. ఆయన హాలు 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ముందు గోడకు టీవీ, దాని కింద రిసీవర్ (స్పీకర్లకు శబ్దం పంపే పెట్టె), చుట్టూ 5 స్పీకర్లు, లోతైన బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ పెట్టాలని ఆయన అనుకుంటున్నారు. రెండు మూడేళ్ల తర్వాత వెనుక గోడ దగ్గర ప్రొజెక్టర్ కూడా బిగించుకుంటారట. దుకాణంలో చిత్రాన్ని, శబ్దాన్ని మోసే ఒక్క హెచ్‌డీఎంఐ కేబుల్‌కే 12,000 రూపాయలు చెప్పారు. ఇంటి వైరింగ్ చేస్తున్న ఎలక్ట్రీషియన్ మాత్రం స్పీకర్లకు మామూలు ఇంటి వైరు సరిపోతుందని, దాన్ని కరెంటు పైపులోనే లాగేస్తానని అన్నారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది ఆయన సందేహం. ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి రాయి చేతికి అందే దూరంలో ఉంటుంది కాబట్టి హాలుకు గ్రానైట్ వేయించుకునేవారు ఎక్కువ. ఆ పలకలు ఒకసారి కూర్చున్నాక నేలలో వైరు కోసం గాడి కొట్టడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఏ కంపెనీ కేబుల్ కొనాలన్న ఆలోచన తర్వాత చేసినా నష్టం లేదు. ఏ పైపు, ఎంత లావున, ఏ దారిలో వెళ్లాలన్నది మాత్రం ఇప్పుడే తేలాలి.

ఈ పాఠం నేను నెల్లూరులో మా ఇంట్లో నేర్చుకున్నాను. గోడ పూత వేసే ముందు మామూలు కరెంటు పైపులో, రెండు వంపులు తిప్పి, 10 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టించాను. అట్టపెట్టె మీద 4కె అని రాసి ఉంది. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు. 4కె ప్రొజెక్టర్ తెచ్చాక ఒక విచిత్రం కనిపించింది: సినిమాలు చక్కగా నడిచేవి, క్రికెట్ పెట్టగానే ప్రతి రెండు మూడు నిమిషాలకు ఒకసారి తెర నల్లబడి మళ్లీ వచ్చేది. ప్రొజెక్టర్‌లోనే లోపం ఉందనుకుని చాలా రోజులు వృథా చేశాను. కారణం తెలిశాక కేబుల్ మార్చబోతే దాని తల వంపు దగ్గర ఇరుక్కుపోయింది, చివరకు గోడ పగలగొట్టవలసి వచ్చింది.

ఆ విచిత్రానికి కారణం ఇది. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. క్రీడల ప్రసారం 50 లేదా 60 ఫ్రేములతో రావచ్చు. 4కె చిత్రాన్ని 24 ఫ్రేములతో పంపడానికి సెకనుకు 10.2 గిగాబిట్ల సామర్థ్యం గల హై స్పీడ్ కేబుల్ చాలు. అదే 4కె చిత్రం 60 ఫ్రేములతో, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే) రంగులతో రావాలంటే 18 గిగాబిట్ల దాకా మోయగల ప్రీమియం హై స్పీడ్ కేబుల్ కావాలి. 120 ఫ్రేముల ఆటలకు, 8కె చిత్రానికి 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ కేబుల్ ఉంది. అంటే అట్టపెట్టె మీద 4కె అన్న మాట అబద్ధం కాదు, అయితే అది నాకు పూర్తి సంగతి చెప్పలేదు. అందుకే దుకాణంలో 2.0, 2.1 అన్న అంకెలు అడగకండి. అవి పరికరంలోని పోర్టుకు సంబంధించినవి, కేబుళ్లకు ఇచ్చే ధ్రువీకరణ ఈ తరగతుల పేర్ల మీదే ఉంటుంది. ధ్రువీకరణ పొందిన ప్రీమియం, అల్ట్రా కేబుళ్ల పెట్టె మీద ఫోనుతో పరిశీలించగల గుర్తు అతికించి ఉంటుంది.

ఖరీదైన కేబుల్ వల్ల రంగులు నిండుగా, నలుపు గాఢంగా వస్తాయని చెప్పేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సంకేతం. అది సరిగ్గా చేరితే చిత్రం పూర్తిగా వస్తుంది. చేరకపోతే తెల్లటి చుక్కలు మెరుస్తాయి, శబ్దం తెగుతుంది, లేదా తెర నల్లబడుతుంది. ఈ రెండింటి మధ్య చిత్రం కాస్త వన్నె తగ్గి రావడం అన్న స్థితి లేదు. ఒంగోలు ప్రేక్షకుని టీవీకి, దాని కిందే ఉండే రిసీవర్‌కు మధ్య దూరం 2 మీటర్లు దాటదు కాబట్టి అక్కడ ధ్రువీకరణ ఉన్న సాధారణ ధర కేబుల్ చాలు.

దుకాణదారు మాటలో నిజం ప్రొజెక్టర్ దగ్గర ఉంది. రిసీవర్ నుంచి గోడ ఎక్కి, పైకప్పు వెంట వెళ్లి, వెనుక గోడ దాకా చేరాలంటే 12 మీటర్ల పైన పడుతుంది. దూరం పెరిగేకొద్దీ రాగి కేబుల్‌లో సంకేతం క్షీణిస్తుంది. 48 గిగాబిట్ల రాగి కేబుళ్లు సాధారణంగా 3 నుంచి 5 మీటర్ల లోపే దొరుకుతాయి. అంత దూరానికి గాజు పోగుల ద్వారా వెలుతురుగా సంకేతాన్ని పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వాడాలి. దానికి దిశ ఉంటుంది: సోర్స్ అని రాసిన కొసను రిసీవర్ వైపు, డిస్‌ప్లే అని రాసిన కొసను ప్రొజెక్టర్ వైపు పెట్టాలి, తిరగేసి లాగితే చిత్రమే రాదు. అయితే ఆ ప్రొజెక్టర్ రెండు మూడేళ్ల తర్వాత మాట. ఈ రోజు 12,000 రూపాయలు పెట్టి గోడలో పాతిపెట్టడం కన్నా, ఒకటిన్నర అంగుళం పైపు వేయించి, వంపుల దగ్గర ఇరుకైన ఎల్బోలకు బదులు పెద్ద వంపులు పెట్టించి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయడం మేలు. హెచ్‌డీఎంఐ తల సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మామూలు కరెంటు పైపు వంపులో అది తిరగదు. ఆ తాడుతో ఎప్పటి కేబుల్‌ను అప్పుడు లాగవచ్చు.

ఇప్పుడు స్పీకర్ల సంగతి. ఎలక్ట్రీషియన్ చెప్పిన మాటలో మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం. స్పీకర్‌కు కావలసింది తగినంత లావున్న రాగి; ఇంటి వైరింగ్‌కు వాడే మెత్తటి రాగి పోగుల వైరు ఆ పని నిక్షేపంగా చేస్తుంది. లావు ఎంత ఉండాలో లెక్క వేద్దాం. హాలు వెనుక స్పీకర్‌కు గోడ వెంట 15 మీటర్ల దారి అనుకుంటే, వెళ్లి రావడానికి 30 మీటర్ల రాగి అవుతుంది. స్పీకర్ల పెట్టెతో ఉచితంగా వచ్చే సన్నటి 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు ఆ పొడవులో నిరోధం సుమారు 1 ఓమ్. స్పీకర్ 6 ఓమ్‌లదైతే, ఆ దారిలో పంపిన శక్తిలో ఏడో వంతు వైరులోనే వేడిగా పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో నిరోధం 0.34 ఓమ్‌లకు, 2.5లో 0.2 ఓమ్‌లకు తగ్గుతుంది. వైరు నిరోధం స్పీకర్ నిరోధంలో 5 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. 6 ఓమ్‌లకు అది 0.3 కాబట్టి వెనుక స్పీకర్లకు 2.5, ముందు స్పీకర్లకు 1.5 తీసుకుంటే సరిపోతుంది. అంతకన్నా లావు, వెండి పూత, అల్లిన తొడుగు వంటి వాటికి నేనైతే ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టను.

కొనేటప్పుడు మోసం లావులోనే కాదు, లోహంలోనూ జరుగుతుంది. అల్యూమినియం మీద పలుచగా రాగి పూసిన వైరును రాగి వైరన్నట్టే అమ్ముతారు. దాని నిరోధం అసలు రాగి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు. కొస కత్తిరించి, ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. చుట్టను చేతిలోకి తీసుకున్నప్పుడే బరువులో తేడా తెలుస్తుంది.

ఎలక్ట్రీషియన్ చెప్పిన రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోకండి. 230 వోల్టుల కరెంటు వైర్లున్న పైపులో స్పీకర్ వైర్లను, నెట్‌వర్క్ కేబుల్‌ను కలిపి లాగకూడదు. ఎక్కడైనా తొడుగు చిట్లితే కరెంటు నేరుగా రిసీవర్‌లోకి, దాన్ని ముట్టుకున్న చేతిలోకి వస్తుంది. వేరే పైపు వేయించండి, రెండింటి మధ్య ఒక అడుగు ఎడం ఉంచండి, దాటవలసిన చోట అడ్డంగా దాటించండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్ల వారికి ఇంకొక మాట. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు ఇళ్లలో తొడుగు తీసిన రాగి కొస కొన్నాళ్లకే నల్లబడి, పచ్చటి చిలుము పడుతుంది. అక్కడ బంగారు పూత గల బనానా ప్లగ్గులు (వైరు కొసకు తొడిగే పిన్నులు) బిగించడం నిజంగా ఉపయోగం. ఆ పూత శబ్దాన్ని పెంచదు, చిలుమును ఆపుతుంది. ప్లగ్గు బిగించేటప్పుడు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లేలా చూసుకోండి. ఒక స్పీకర్‌కు అవి తారుమారైతే, మోగుతూనే ఉంటుంది కానీ బేస్ పలచబడుతుంది, మాటలు మధ్య నుంచి రాకుండా చెదిరిపోతాయి.

టీవీలోని యాప్‌ల శబ్దం రిసీవర్‌కు చేరడానికి వేరే కేబుల్ అక్కర్లేదు. టీవీ వెనుక ఆర్క్ లేదా ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు తిప్పి పంపే దారి) అని రాసిన పోర్టుకే ఆ 2 మీటర్ల హెచ్‌డీఎంఐని పెట్టి, సెట్టింగ్స్‌లో సీఈసీని (పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే ఏర్పాటు) కూడా ఆన్ చేయండి. యాప్‌లు పంపే అట్మాస్ (పై నుంచి కూడా వినిపించేలా చేసిన శబ్దం) బాగా కుదించిన రూపంలో వస్తుంది కాబట్టి మామూలు ఆర్క్ కూడా దాన్ని మోయగలదు. బ్లూరే డిస్కులోని, వివరమేదీ పోకుండా ఉంచిన శబ్దానికి మాత్రమే ఈ-ఆర్క్ కావాలి, ఆ ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు పెడితే అదీ అక్కర్లేదు. పాత ఆప్టికల్ పోర్టు ద్వారా 5.1 (5 స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) వరకు వస్తుంది, అట్మాస్ రాదు.

సబ్‌వూఫర్‌కు ఒక ఆర్‌సీఏ కేబుల్ (గుండ్రటి పిన్నుండే ఆడియో కేబుల్) చాలు. అది పెట్టగానే సన్నని గుయ్‌మనే మోత వినిపిస్తే, ముందు సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ వైరు ఊడదీసి చూడండి. చాలా ఇళ్లలో మోత అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ వైరు వేరే చోటి ఎర్త్‌ను ఇంట్లోకి తెచ్చి, రెండు ఎర్త్‌ల మధ్య ఒక వలయం ఏర్పరుస్తుంది. పరికరాలన్నింటినీ ఒకే బోర్డుకు పెట్టి, కేబుల్ టీవీ వైరుకు ఐసోలేటర్ (ఆ వలయాన్ని తెంచే చిన్న పరికరం) బిగిస్తే సరిపోతుంది. మోత పోవడానికి మూడో పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అది మనిషి ప్రాణాన్ని కాపాడే పిన్ను. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, ఉరుములు ఉంటాయి. ఆ రోజుల్లో ప్లగ్గుతో పాటు ఆ కేబుల్ టీవీ వైరును కూడా తీసేయాలి, పిడుగు దెబ్బ దాని గుండా కూడా టీవీలోకి వస్తుంది.

ఒంగోలు ప్రేక్షకుడు ఈ వారం చేయవలసినవి ఇవి. ప్రొజెక్టర్ దారిలో ఒకటిన్నర అంగుళం పైపు, తాడు. స్పీకర్ల వైర్లకు వేరే పైపు. టీవీ గోడకు ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్. పైపులు పడ్డాక, పూతకు ముందు, గోడ మీద టేపు పరిచి ఏ పైపు నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో వెళ్తోందో ఫొటోలు తీసి దాచుకోవాలి. వైర్లు లాగిన రోజునే, అరువు తెచ్చినదైనా సరే ఒక స్పీకర్‌తో ప్రతి వైరునూ మోగించి చూడాలి. గ్రానైట్ మేస్త్రిని ఆ తర్వాతే పిలవండి.