సూత్రం కన్నా ముందు గ్రాఫు

వేదిక మీది పెద్దలకు, సైన్సు ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. సరళరేఖా చలనం గురించి మాట్లాడమన్నారు. మీలో చాలామంది మెట్రోలోనే వచ్చి ఉంటారు. ఆ రైలునే లెక్కకు తీసుకుందాం.

అమీర్‌పేటలో కదిలిన రైలు 20 సెకన్లలో గంటకు 72 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 20 మీటర్లు, అందుకుందనుకోండి. 40 సెకన్లు అదే వేగం. తర్వాత 20 సెకన్లలో ఆగింది. ఎంత దూరం పోయింది? పిల్లవాడు సూత్రం తీస్తాడు. తొలి వేగం, తుది వేగం కలిపి, సగం చేసి, కాలంతో గుణిస్తాడు. తొలి వేగం సున్నా, తుది వేగం సున్నా. దూరం సున్నా! గుణకారం సరైనదే. త్వరణం, అంటే వేగం మారే రేటు, మారకుండా ఉన్నంతసేపే ఆ సూత్రం చెల్లుతుందని వాడికి మనం చూపించలేదు. అయ్యా, అమ్మా, సూత్రాలు బట్టీ పట్టించడం ఇకనైనా మానండి.

వేగం, కాలం గ్రాఫు గీయించండి. అడ్డంగా సెంటీమీటరుకు 10 సెకన్లు, నిలువుగా సెంటీమీటరుకు, సెకనుకు 5 మీటర్ల వేగం. సమలంబ చతుర్భుజం వస్తుంది: అడుగు 8, పైన 4, ఎత్తు 4. ఈ గ్రాఫులో గీత కింది వైశాల్యమే దూరం. అది 24 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు విలువ 50 మీటర్లు. మొత్తం 1200 మీటర్లు. స్కేలు రాసుకోని పిల్లలు 24 దగ్గరే ఆగిపోతారు.

ఇది కొత్త పద్ధతేం కాదు. సమత్వరణాన్ని 14వ శతాబ్దంలోనే ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరేమ్ త్రిభుజంగా గీశాడు. 1638లో అచ్చయిన గెలీలియో పుస్తకంలోనూ రుజువు బొమ్మతోనే నడుస్తుంది. మన పిల్లలకు మాత్రం ముందు అక్షరాలు, ఆ తర్వాత, టైముంటే, బొమ్మ!

అసలు చిక్కు దూరం, కాలం గ్రాఫులో ఉంది. బ్రేకు వేయగానే గీతను కిందికి దించేస్తారు. గీత దిగితే రైలు వెనక్కి వచ్చినట్టు! వేగం తగ్గినా దూరం పెరుగుతూనే ఉంటుంది, గీత ఎక్కుతూనే వంగి చదును కావాలి. ఇంకో తప్పు, వేగాన్ని చెప్పే వాలు కోసం మూలబిందువు నుంచి గీత లాగడం. 10వ సెకనుకు దూరం 50 మీటర్లు. భాగిస్తే 5 వస్తుంది, అది సగటు. ఆ క్షణపు వేగం కావాలంటే, ఆ బిందువు దగ్గర వంపును తాకుతూ పోయే స్పర్శరేఖ గీయాలి. అది కాలాక్షాన్ని 5వ సెకను దగ్గర తాకుతుంది. 50 మీటర్ల ఎత్తు, 5 సెకన్ల అడుగు. వేగం 10.

మీ ముందు గ్రాఫు కాగితాలున్నాయి. పెన్సిళ్లు తీయండి. 70వ సెకనుకు దూరం 1150 మీటర్లు. అక్కడ స్పర్శరేఖ గీసి వాలు చెప్పండి.