టెన్షన్ ఒంట్లో చేసే పని: గుంటూరులో మిర్చి రైతులు, వ్యాపారుల సమావేశంలో ఒక హార్మోన్ల వైద్యుడి ప్రసంగం

అందరికీ నమస్కారం. యార్డులో పని ముగించుకుని భోజనం కూడా చేయకుండా వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం ఎదురుచూసే రైతు పరిస్థితి మీకు నేను చెప్పనక్కర్లేదు. వడ్డీ పెరుగుతుంది, రేటు పెరగదు. అలాంటి రైతు ఒకాయన నా దగ్గరకు వచ్చారు. షుగర్ మాత్రలు మానకుండా వేసుకుంటున్నారు, అన్నం బాగా తగ్గించారు, అయినా పరగడుపు షుగర్ దిగడం లేదు. నాతో మాట్లాడుతూనే రెండుసార్లు ఫోన్ తీసి రేట్లు చూసుకున్నారు. నిద్ర ఎలా పడుతోందని అడిగితే ఆయన ఏమీ అనలేదు. పక్కనున్న వాళ్లావిడ చెప్పారు: "రాత్రి రెండింటికే లేచి అరుగు మీద కూర్చుంటారండీ."

దిగులు పట్టుకున్నప్పుడు మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ వస్తుంది. కార్టిసాల్ చెడ్డది కాదు, అది లేకపోతే బతకలేం. మామూలుగా తెల్లవారుజామున పెరుగుతుంది, అర్ధరాత్రికి బాగా తగ్గిపోతుంది. నెలల తరబడి దిగులు, నిద్రలేమి ఉంటే చాలామందిలో ఈ క్రమం చెడుతుంది. రాత్రి దిగాల్సినంత దిగదు. కార్టిసాల్ కాలేయం చేత చక్కెర తయారు చేయిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. ఆయన షుగర్‌కు టెన్షన్ ఒక్కటే కారణమని నేననను, కానీ అందులో దాని వాటా ఉంది.

ఇది మనసు బలహీనత అనుకోకండి. 1936లోనే హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను చలికి, గాయాలకు, విషాలకు గురిచేసి చూశారు. ఏ బాధ పెట్టినా వాటి అడ్రినల్ గ్రంథులు ఒకే తీరుగా ఉబ్బాయి.

హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయిలకు సరిగా తిండి లేక, ఒత్తిడి ఎక్కువై నెలసరి ఆగిపోవడం చూస్తుంటాం. అండాశయాలకు మెదడు నుంచి వెళ్లే సంకేతాలే తగ్గిపోతాయి. అలాగని మూడు నెలలు రాకపోయినా "పరీక్షల టెన్షన్‌లే" అని వదిలేయకండి. థైరాయిడ్ సమస్య గానీ, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం గానీ, పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ల సమస్య గానీ ఉందేమో చూపించాలి. పెళ్లయినవాళ్లయితే ముందు గర్భం సంగతి చూసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు మనసు కుదుటపడిందని దాన్ని మానేయకూడదు.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది మరొకటి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్లు, పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు. పూటలోనే నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి. కార్టిసాల్ చేసే పనే స్టెరాయిడ్ ఇంకా గట్టిగా చేస్తుంది. ముఖం ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, షుగర్, బీపీ ఎక్కుతాయి. ఎక్కువకాలం వాడితే మన అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. అప్పుడు మందు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నా మాట విని రేపే ఆపేయొద్దు. ఆ పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి, మెల్లగా తగ్గిస్తారు.

"హార్మోన్ బ్యాలెన్స్" పేరుతో అమ్మే పొడులకు డబ్బు తగలేయకండి. టెన్షన్‌గా ఉందని ఊరికే కార్టిసాల్ పరీక్ష చేయించుకున్నా పెద్దగా తెలిసేదేమీ లేదు.

ఆ రైతుకు షుగర్ మందు మార్చాం. పడుకునేటప్పుడు ఫోన్ ఆవిడ దగ్గర పెట్టమన్నాం. సాయంత్రం అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడవమన్నాం. మానసిక వైద్యుడికీ చూపించాం, ఎందుకంటే ఆయనకున్నది దిగులు మాత్రమే కాదు, డిప్రెషన్. డిప్రెషన్ మందులు అలవాటైపోతాయని చాలామంది భయపడతారు. నిద్రమాత్రలు వ్యసనం కావచ్చు గానీ ఇవి అలా కావు, కాకపోతే డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్ కూడా బాగా పనిచేస్తుంది.

అప్పు నా మందులచీటీతో తీరదని నాకు తెలుసు. కానీ బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే ఒంటరిగా కూర్చోవద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. అర్ధరాత్రి అయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి, తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.