మాత్ర వేసుకున్నాక మూడో వారం

అందరికీ నమస్కారం.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన ఒక పొరపాటు ముందు చెబుతాను.

ఒకాయన వచ్చారు, నలభై ఏళ్లుంటాయి. భార్య వెంటబెట్టుకొచ్చారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, ఇక కన్ను మూతపడదు. స్నానానికి లేవాలన్నా కొండెక్కినంత పని. పాటలు వినకుండా ఉండలేని మనిషి, నెల రోజులుగా రేడియో ముట్టుకోలేదు. "కూతురు నవ్వుతూ ఎదురొచ్చినా లోపల ఏమీ కదలట్లేదండీ" అని తల దించుకున్నారు. డిప్రెషన్ అని తెలుస్తూనే ఉంది. చీటీ రాసిచ్చి పంపించాను. పదో రోజున ఆవిడ ఒక్కరే వచ్చారు. "కడుపులో తిప్పుతోందట, గాభరా ఇంకా ఎక్కువైందట. మాత్రలు అవతల పారేశారు. ఈ మందు ఆయనకి పడదేమోనండీ" అన్నారు.

మందు సరైనదే, మోతాదూ సరైనదే. రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతే నేను చెప్పలేదు. మనసు జబ్బులకు మందులున్నాయి, చాలామందికి పనిచేస్తాయి కూడా. కానీ వాటి నడక నెమ్మది.

తలనొప్పి మాత్ర గంటలోపే పనిచేస్తుంది. ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు అలా కాదు. మెదడు కణాల మధ్య సెరటోనిన్ అనే రసాయనం పెరగడం గంటల్లోనే మొదలవుతుంది. మనిషికి తేడా తెలియడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. అందుకే "మెదడులో ఫలానా రసాయనం తగ్గింది, మాత్రతో నింపేస్తాం" అని నేనెవరికీ చెప్పను. అంత సులువైతే మర్నాటికే తగ్గిపోవాలి. పెరిగిన సెరటోనిన్‌కి కణాలు అలవాటు పడి సర్దుకోవాలి. దానికి టైం పడుతుంది. వికారం, తలనొప్పి, గాభరా లాంటివి మాత్రం మొదటి వారంలోనే దిగుతాయి. బాధ ముందు, మేలు తర్వాత. సరిగ్గా ఆ మధ్యలోనే చాలామంది మానేస్తారు, ఆ వచ్చినాయనలాగే. పాతికేళ్లలోపు వాళ్లలో కొందరికి ఆ మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు కూడా. అమెరికాలో 2004లో పిల్లల విషయంలో, 2007లో పాతికేళ్లలోపు వాళ్ల విషయంలో కూడా ఈ మందుల మీద ఆ హెచ్చరిక వేయించారు. మందు వద్దని కాదు, ఆ వారాల్లో ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని.

ఇక తగ్గాక ఇంకో తంటా. "బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు?" మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పూర్తిగా తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలి. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి ఇంకా ఎక్కువ కాలం. ఆపేటప్పుడు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు ఉండడం జరుగుతాయి. అది చూసి "అలవాటైపోయింది" అని భయపడతారు. ఈ మందుల మీద యావ పుట్టదు, డోసు పెంచుకుంటూ పోవాలనీ అనిపించదు. అలా అలవాటయ్యేవి వేరే ఉన్నాయి. ఆల్ప్రజోలం, డయజెపాం లాంటివి. టెన్షన్‌గా ఉందనో నిద్ర పట్టలేదనో వాటిని ఏళ్ల తరబడి మింగేవాళ్లు, నేను డిప్రెషన్ మందు రాస్తే "అలవాటవుతుందేమో సార్" అని అడుగుతారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

అసలు జబ్బు అని ఎప్పుడంటాం? బాధ జబ్బు కాదు. అయినవాళ్లు పోతే ఏడుస్తాం, పరీక్ష పోతే కుంగిపోతాం. కనీసం రెండు వారాల పాటు, దాదాపు రోజంతా మనసు దిగులుగా ఉండో, దేనిమీదా ఆసక్తి లేకో, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని, రోజువారీ పని సాగకపోతే అప్పుడు డిప్రెషన్ అంటాం. అప్పుడు కూడా ముందు థైరాయిడ్ లాంటి పరీక్షలు చూస్తాం. అది తక్కువగా పనిచేసినా మనిషి అచ్చం ఇలాగే మందగిస్తాడు. ఇన్ని చూసి తేల్చుకునే జబ్బుకి "మనసు గట్టి చేసుకో" అనే సలహా ఎలా సరిపోతుంది? విరిగిన కాలితో ఉన్నవాణ్ణి ఎవరూ కాలు గట్టి చేసుకోమనరు.

మందులే కాదు, మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచి మాటలు చెప్పి పంపడం అనుకుంటారు. ఓసీడీలో, అంటే వద్దనుకున్నా ఒకే ఆలోచన వేధిస్తూ ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బులో, ఏం చేస్తామో చెబితే ఆ అపోహ పోతుంది. తలుపు గడియ ముట్టుకుంటే ఇరవై సార్లు చేతులు కడుక్కునే అమ్మాయి ఉందనుకోండి. థెరపిస్టు ఆమె చేతే గడియ ముట్టిస్తారు. తర్వాత కడుక్కోకూడదు, అదీ షరతు. గాభరా పదికి ఎంత? ఎనిమిది. ఐదు నిమిషాలయ్యాక? తొమ్మిది. చెమటలు పడుతుంటాయి, చూపు కుళాయి వైపే. ఎవరూ ఓదార్చరు, "ఏం కాదులే" అని కూడా అనరు, ఎందుకంటే ఆ ఓదార్పు కూడా చేతులు కడుక్కోవడం లాంటిదే. ఇరవై నిమిషాలకి ఏడు. నలభైకి నాలుగు. కడుక్కోకపోయినా గాభరా దానంతటదే దిగుతుందని ఆ పిల్లకు చెబితే నమ్మదు, ఒంటికి తెలియాలి. రేపు మళ్లీ అదే గడియ. వారాల తరబడి. ఇదీ నెమ్మది పనే.

స్కిజోఫ్రీనియాలో లేని గొంతులు వినబడతాయి, ఎవరో కుట్ర చేస్తున్నారన్న నమ్మకం కదలదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ వాడకం మొదలయ్యేదాకా ఈ జబ్బుకి సరైన మందే లేదు. ఏళ్ల తరబడి గోడల మధ్య ఉంచడమే. అంతకు మూడేళ్ల ముందు, 1949లో, ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ ఉన్మాదానికి లిథియం ఇచ్చి చూసిన ఫలితాలు ప్రచురించారు. ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకి ఇప్పటికీ అది గట్టి మందే. కాకపోతే దానికి రక్త పరీక్షలు తప్పవు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కలిసినా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇది ఇంట్లో వాళ్లకీ తెలిసి ఉండాలి.

గొంతులు వినబడే మనిషితో ఎలా మాట్లాడాలని అడుగుతుంటారు. వాదించకండి, ఔననీ అనకండి. "నాకు వినబడట్లేదు, కానీ నీకు వినబడుతోందని, భయంగా ఉందని అర్థమవుతోంది" అనండి. చాలు.

షాక్ ట్రీట్‌మెంట్ గురించి ఒక్క మాట. 1938లో రోమ్‌లో మొదలైనప్పుడు మత్తు లేకుండానే ఇచ్చేవారు. ఇప్పుడు మత్తిచ్చి, కండరాలు సడలించే మందిచ్చి చేస్తారు. తిండి మానేసి, మంచం దిగని తీవ్రమైన డిప్రెషన్‌లో దానంత త్వరగా పనిచేసేవి తక్కువ. చికిత్స జరిగిన రోజుల సంగతులు కొన్ని మరిచిపోవచ్చు, అది దాచను.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం. పుట్టదు. సూటిగా అడగండి. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న మాత్రలూ, ప్రమాదకరమైన వస్తువులూ అందకుండా పెట్టి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ మొదటాయన సంగతి చెప్పలేదు కదా. ఆవిడతో మళ్లీ రమ్మని కబురు పెట్టాను. ఈసారి తక్కువ డోసుతో మొదలుపెట్టి, చీటీ వెనక మూడు వారాల తర్వాతి తేదీ వేసి, దాని కింద "ఇప్పటిదాకా ఏమీ తెలియకపోవచ్చు" అని రాశాను. ఐదో వారం వచ్చారు. "ఏమంత తేడా లేదు డాక్టరు గారూ" అన్నారాయన. పక్కనే ఉన్న ఆవిడ, "నిన్న రేడియో పెట్టారండీ" అన్నారు.

ఇక మీ ప్రశ్నలు. "మా స్నేహితుడొకడు ఉన్నాడండీ" అని మొదలుపెట్టినా ఫరవాలేదు. ఆ స్నేహితుడు నాకు బాగా తెలుసు.