ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ: ఆలస్యంగా తేలితే కేసు దేని మీద నిలుస్తుంది?

(స్క్రీన్ మీద: క్యాజువాలిటీ చీటీ)

మోకాలి ఆపరేషన్ అయి 10 రోజులైన మనిషి అనుకోండి. ఉన్నట్టుండి ఆయాసం. ఎడమ పిక్క వాచింది, నొక్కితే నొప్పి. పల్స్ 118. ఈసీజీ, ఎక్స్‌రే తీసి, "గ్యాస్ అండీ" అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. రెండు రోజులకు వెంటిలేటర్ ఎక్కించారు.

ఇది ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు, అది ఎక్కువగా కాలి సిరలో కట్టి పైకి వస్తుంది. ఎక్స్‌రే బాగుందంటే ఈ జబ్బు లేదని కాదు. ఈసీజీలో కూడా చాలాసార్లు గుండె వేగంగా కొట్టుకోవడం తప్ప ఇంకేమీ కనిపించదు. అందుకే డాక్టర్లు వెల్స్ స్కోరు వేస్తారు, అంటే లక్షణాలకు మార్కులేసి గడ్డ ఉండే అవకాశం ఎంతో అంచనా వేస్తారు.

(స్క్రీన్ మీద: పిక్క వాపు, నొప్పి 3 + పల్స్ 100 దాటితే 1.5 + 4 వారాల్లోపు ఆపరేషన్ 1.5 = 6)

స్కోరు 4 దాటితే నేరుగా సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్‌కి (రంగు మందు ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాలు చూసే స్కాన్) పంపాలి. అంతకు లోపుంటే డీ-డైమర్ అనే రక్తపరీక్ష చాలు, అది నెగెటివ్ వస్తే గడ్డ దాదాపు లేనట్టే. ఆపరేషన్ తర్వాత డీ-డైమర్ ఎలాగూ పెరుగుతుంది కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఏదీ తేలదు. కిడ్నీలు బాగోలేక సీటీ రంగు మందు ఇవ్వలేకపోతే కాళ్ల సిరల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ తీయొచ్చు. అనుమానం గట్టిగా ఉండి, రక్తస్రావం ముప్పు లేకపోతే, స్కాన్ అయ్యేదాకా ఆగకుండా రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మొదలుపెడతారు.

ఇక కోర్టు సంగతి. జబ్బు పట్టుకోలేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదు. సాధారణ నైపుణ్యం ఉన్న డాక్టర్ చేసే పని కూడా చేయలేదని చూపించాలి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఇదే. ఆ ఆలస్యం వల్లే నష్టం జరిగిందని కూడా నిరూపించాలి, చాలా కేసులు ఓడిపోయేది ఇక్కడే. మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేసిన హైదరాబాద్ కేసులో, ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు అంది. మీరు దాన్ని నమ్ముకోకండి, పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు ఆధారం కేస్ షీట్. మొదటిసారి వెళ్లినప్పుడు పల్స్, ఆక్సిజన్ ఎంతని రాశారు? కాలు చూశారా? ఏ గంటకు ఏం చేశారు? అర్జీ రాసిచ్చి, రెండో ప్రతి మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. డాక్టర్ల ప్రవర్తన మీద మెడికల్ కౌన్సిల్ పెట్టిన 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. నర్సుల చార్టు, సీటీ బొమ్మల సీడీ కూడా అడగండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

స్కాన్ తీయకుండానే మనిషి పోతే ఇంట్లోవాళ్లకు కష్టమైన మాటే, కానీ పోస్ట్‌మార్టం చేయించకపోతే గడ్డ వల్లే పోయారని చూపించడం చాలా కష్టమవుతుంది.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన బిల్లును బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషన్, బిల్లు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి ఈ చట్టం కిందికి రాదు, దాని మీద సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు.

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసినా ఈ గడువు ఆగదు, పైగా కౌన్సిల్ పరిహారం ఇప్పించలేదు.