టెలిస్కోప్‌కు కెమెరా కలిపితే

అందరికీ నమస్కారం. టెలిస్కోప్ చేతికొచ్చిన కొత్తలో దాదాపు అందరం చేసే పని ఒకటుంది: ఫోన్‌ను ఐపీస్ దగ్గర, అంటే మనం కన్ను పెట్టి చూసే లెన్స్ దగ్గర పెట్టి చంద్రుణ్ణి ఫొటో తీయడం. అదీ ఒక పద్ధతే. చేత్తో పట్టుకుంటే మాత్రం బొమ్మ నిలవదు. ఫోన్‌ను అడాప్టర్‌తో బిగించి టైమర్ పెట్టండి. వేలు తగిలిన వణుకు తగ్గాకే ఫొటో పడుతుంది.

రెండో పద్ధతిలో ఐపీస్ ఉండదు. లెన్స్ తీసేసిన కెమెరాను ఆ స్థానంలో బిగిస్తాం, టెలిస్కోపే లెన్స్ అవుతుంది. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్, అంటే దాని లెన్స్ లేదా అద్దం నుంచి బొమ్మ పడే చోటికి దూరం, 1000 మిల్లీమీటర్లైతే సెన్సర్ మీద చంద్రబింబం సుమారు 9 మిల్లీమీటర్లు పడుతుంది. గురుగ్రహమైతే మిల్లీమీటర్‌లో ఐదో వంతే! అందుకే గ్రహాలకు మధ్యలో బొమ్మను పెద్దది చేసే బార్లో లెన్స్ వేస్తాం.

గ్రహాలకు ఫొటో కాదు, వీడియో తీయండి. పైన గాలి కదులుతూనే ఉంటుంది, బొమ్మ నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతుంది. రెండు నిమిషాల వీడియోలో వేల ఫ్రేములుంటాయి. వాటిలో గాలి కుదురుగా ఉన్న క్షణాలవి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చే పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. 16 ఫ్రేములు కలిపితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టుండే నాయిస్ నాలుగో వంతుకు పడిపోతుంది. అలాగని అరగంట తీయకండి. గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, మచ్చలు చెదిరిపోతాయి.

నెబ్యులాలకు, అంటే అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలకు వెలుగు తక్కువ, ఎక్కువసేపు తీయాలి. టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశంతో పాటు తిరిగే స్టాండు, అదే మౌంట్, లేకపోతే చుక్కలు గీతలవుతాయి. 1880లో అమెరికా ఖగోళ పరిశీలకుడు హెన్రీ డ్రేపర్ ఒరాయన్ నెబ్యులాను 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో ఫొటో తీశారు. మనం నిమిషం చొప్పున 51 తీసి కలుపుకోవచ్చు, ఒకటి చెడితే అదొక్కటే పోతుంది.

నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యం ఫోకస్. ఒకసారి సాయంత్రం సరిచేసి, రాత్రంతా మళ్లీ చూడలేదు. చలికి ట్యూబ్ కుదించుకుపోయి ఫోకస్ జరిగింది. తెల్లారి చూస్తే ప్రతి చుక్కా ఉబ్బిపోయి ఉంది. ఆ రోజు ఎంత బాధపడ్డానో! ఇప్పుడు గంటకోసారి ట్యూబ్ ముందు బాటినోవ్ మాస్క్ పెడతాను. సన్నని చీలికలు కోసిన మూత అది. చుక్క చుట్టూ మూడు గీతలు కనిపిస్తాయి. ఫోకస్ నాబ్ వెంట్రుకవాసి తిప్పితే నడిమి గీత జరుగుతుంది. సరిగ్గా మధ్యకు రాగానే చేయి తీసేయాలి.

సూర్యుడి విషయంలో మాత్రం ఫిల్టర్ ట్యూబ్ ముందు భాగానికే ఉండాలి. ఐపీస్‌కు తగిలించేది వేడికి పగిలిపోతుంది, కన్ను పోతుంది.

బయట టెలిస్కోప్ పెట్టి అరగంటైంది. ఈపాటికి చల్లబడి ఉంటుంది. పదండి, మాస్క్ మీరే పెట్టి చూద్దురుగాని.