నోటు వెనక చెల్లు: పాత బాకీకి ఎవరు ప్రాణం పోస్తారు?

అందరికీ నమస్కారం.

"మీ మీద కేసు బుక్కయింది, సాయంత్రంలోగా కట్టకపోతే పోలీసులొస్తారు." పాత బాకీల ఫోన్లు ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి. బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్సయినా, మోసం ఆరోపణ ఉన్నా సంగతి వేరు. ఏదేమైనా వసూలు ఏజెంటుకు అరెస్టు చేయించే అధికారం లేదు. ఆ ఫోన్‌కు ఒకటే జవాబు: "వివరాలు రాసి పంపండి." బాకీ ఉందని గానీ, వచ్చే నెల వెయ్యి కడతానని గానీ అనొద్దు.

రాసి పంపమన్నప్పుడు ఇవి అడగండి: అప్పిచ్చింది ఎవరు, ఖాతా నంబరు, చివరి జమ ఎప్పుడు, అసలెంత, వడ్డీ ఎంత, పెనాల్టీ ఎంత. బ్యాంకు ఆ బాకీని వేరే కంపెనీకి అమ్మేసిందంటే బదిలీ పత్రం నకలు. మనిషి ఇంటికొస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూడండి. ఆ కాగితం మీది నంబరుకు కాదు, మీ పాస్‌బుక్కులో ఉన్న బ్రాంచి నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు ఆదేశం ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. మైక్రోఫైనాన్స్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే చిన్న) అప్పులకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత చేయకూడదు.

ఇక అసలు విషయం, తేదీ. దావా వేసే గడువు దాటిపోయిన నోటును మన ఊళ్లలో "కాలదోషం పట్టిన నోటు" అంటాం. డిమాండు ప్రామిసరీ నోటుకు (అడిగినప్పుడు తీరుస్తానని రాసిచ్చే నోటు) రాసిన రోజు నుంచి మూడేళ్లు గడువు. 2022 ఏప్రిల్ 10న లక్షకు నోటు రాశారనుకోండి. 2025 ఏప్రిల్ 10 దాటాక దావా వేస్తే, మీరు అడగకపోయినా కోర్టే కొట్టేయాలి. అప్పిచ్చినవాళ్లు ఎన్ని లాయరు నోటీసులు పంపినా ఆ గడువు పెరగదు. (నోటు అంతకంటే పాతదైతే, కోవిడ్ కారణంగా సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు లెక్కలోంచి తీసేసిన రోజులు కూడా చూసుకోవాలి.)

గడువు పెంచేది మీ సంతకం. కొంత కట్టినట్టు నోటు వెనక రాసే రాతే చెల్లు. 2025 ఏప్రిల్ 2న నోటు వెనక "వడ్డీ క్రింద రూ. 500 చెల్లు" అని రాసి మీరు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అయిదు వందలతో లక్ష బాకీకి 2028 దాకా ఆయుష్షు! గడువు తీరిపోయాక చిన్న మొత్తం కట్టినంత మాత్రాన నోటు బతకదు. కానీ "ఆ బాకీ ఇస్తాను" అని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అదే కొత్త ఒప్పందం అవుతుంది.

దొంగ చెల్లు సంగతేమిటి? నోటు మీది సంతకం మీదే, వెనక చెల్లు కింద ఉన్నది మీది కాదు. అప్పుడు జవాబు దావాలోనే (వాళ్ల దావాకు మీరు కోర్టులో రాసిచ్చే జవాబు) ఆ చెల్లును ప్రత్యేకంగా కాదనాలి. ఊరికే "బాకీ లేదు" అంటే చాలదు. నోటును సంతకాల నిపుణుడికి పంపమని పిటిషన్ వేసేటప్పుడు పోల్చడానికి అదే కాలంలో మీరు పెట్టిన సంతకాలు కావాలి: బ్యాంకు ఫారాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, వకాల్తా (లాయరును పెట్టుకుంటూ ఇచ్చే కాగితం) మీది సంతకం చూపిస్తారు. గొడవ మొదలయ్యాక పెట్టిన సంతకానికి పెద్దగా విలువుండదు. "ఖాళీ నోటు మీద సంతకం పెట్టానండీ" అన్నారంటే సంతకం ఒప్పుకున్నట్టే. డబ్బు ముట్టలేదని నిరూపించే బరువు మీ నెత్తిన పడుతుంది.

లోక్ అదాలత్ (రాజీతో తగవులు తీర్చే వేదిక) నోటీసు కోర్టు సమన్లు కాదు. వెళ్లొచ్చు, మాట్లాడొచ్చు. కాలదోషం పట్టిన బాకీకి అక్కడ రాజీ మీద సంతకం పెడితే మాత్రం అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కోర్టు సమన్లు వస్తే ముప్పై రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. "పాత బాకీయే కదా" అని ఊరుకుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు రాకుండానే ఇచ్చే తీర్పు) పడవచ్చు, దాన్ని అమలు చేయించుకోవడానికి వాళ్లకు పన్నెండేళ్లు గడువు. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

బ్యాంకు ఏజెంటు వేధిస్తే ముందు బ్యాంకుకే రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫోన్ల తేదీ, వేళ, నంబరు ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండండి, ఫిర్యాదుకు అదే ఆధారం.

నిజంగా కట్టాల్సిన బాకీ కట్టేస్తే రసీదుతో సరిపెట్టుకోవద్దు. నోటు వెనక "పూర్తి చెల్లు" అని రాయించి, అప్పిచ్చినవాళ్ల సంతకం తీసుకుని, అసలు నోటే ఇంటికి తెచ్చుకోండి.