విడాకులైన ఏళ్ళకు మనోవర్తి పెంపు: కోర్టు చూసే రెండు తేదీలు

అందరికీ నమస్కారం.

మనోవర్తి పెంచమని వేసే పిటిషన్లు చాలావరకు ఒక్క మాట మీదే నడుస్తాయి: "ధరలు పెరిగిపోయాయి, వచ్చేది చాలడం లేదు." మాట నిజమే, కానీ దాని ఒక్కదానితో కేసు గెలవదు. కోర్టు రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. ఒకటి పాత ఆర్డరు వచ్చిన రోజు, రెండోది కొత్త పిటిషన్ వేసిన రోజు. ఈ రెండింటి నడుమ ఎవరి పరిస్థితి ఎంత మారిందో కాగితాల మీద చూపగలిగినవారికే పెంపు వస్తుంది. ఎదిరించేవారు గెలిచినా ఆ కాగితాలతోనే గెలుస్తారు.

ముందు చట్టం సంగతి. హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 25 శాశ్వత భరణం గురించి చెబుతుంది. విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) ఇచ్చేటప్పుడే కాదు, ఆ తర్వాత ఎప్పుడైనా భరణం అడగవచ్చని మొదటి ఉపసెక్షన్‌లోనే ఉంది. రెండో ఉపసెక్షన్ మన విషయానికి గుండెకాయ: ఇద్దరిలో ఎవరి పరిస్థితి మారినా ఆ ఆర్డరును మార్చవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు, రద్దు చేయవచ్చు. రిజిస్ట్రార్ దగ్గర స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్ళి చేసుకున్నవారికి ఇదే పని సెక్షన్ 37 చేస్తుంది. మేజిస్ట్రేట్ కోర్టులోనో, ఫ్యామిలీ కోర్టులోనో ఎంసీ (మెయింటెనెన్స్ కేసు) నంబరుతో వచ్చిన మనోవర్తి అయితే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125, 127 సెక్షన్లు వర్తించేవి. 2024 జూలై 1 నుంచి వాటి స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144, 146 వచ్చాయి. నంబర్లు మారాయి గానీ సారం అదే. ఒకప్పుడు 125 కింద నెలకు 500 రూపాయలే గరిష్ఠం. ఆ హద్దు 2001 సవరణతో పోయింది.

క్రైస్తవ దంపతుల విషయంలో ఒక మెలిక ఉంది. 1869 నాటి విడాకుల చట్టం సెక్షన్ 37లో భర్త చెల్లించలేని స్థితికి వస్తే ఆర్డరును తగ్గించడం, ఆపడం, మళ్ళీ పునరుద్ధరించడం గురించి రాశారు. పెంచడం గురించి నేరుగా రాయలేదు. కాబట్టి విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకోని క్రైస్తవ స్త్రీకి బీఎన్‌ఎస్‌ఎస్ దారి సులువు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీలకు కూడా 125 వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 జూలై 10న తేల్చింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్ళినదే.

పిటిషన్ ఎక్కడ వేయాలి? ఇక్కడ జరిగే పొరపాటుకు ఏళ్ళు ఖర్చవుతాయి. డిక్రీలో భరణం ఒకటి, ఎంసీలో మనోవర్తి ఒకటి, గృహహింస చట్టం కింద ఇంకొకటి, ఇలా ఒకే కుటుంబానికి రెండు మూడు ఆర్డర్లు ఉంటాయి. పెంపు కావాలనగానే వేరే కోర్టులో కొత్త కేసు వేస్తారు. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఈ చిక్కు విప్పింది. పాత ఆర్డర్లన్నీ కొత్త కోర్టుకు చెప్పి తీరాలి, వచ్చే మొత్తాలను సర్దుబాటు చేయాలి, పాత ఆర్డరులో మార్పు కావాలంటే ఆ కేసులోనే అడగాలి. అంటే డిక్రీ ఇచ్చిన ఓపీ (విడాకుల ఒరిజినల్ పిటిషన్)లో వచ్చిన భరణం పెంచాలంటే అదే ఓపీలో, ఎంసీ మొత్తం పెంచాలంటే అదే ఎంసీలో. పాత ఆర్డరు దాచిపెట్టి వేసిన పిటిషన్ మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే కూలుతుంది.

ఇక ఆ రెండు తేదీల దగ్గరికి వద్దాం. పాత రోజు కోసం కావలసింది ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఒక్కటే కాదు. అప్పటి పిటిషన్, కౌంటరు (ఎదుటిపక్షం జవాబు), ఎగ్జిబిట్‌గా మార్క్ చేసిన పే స్లిప్, సాక్ష్యంలో ఆదాయం గురించి వచ్చిన వాక్యాలు, అన్నింటికీ కాపీ అప్లికేషన్ పెట్టాలి. కేసు ముగిసి ఏళ్ళయిన ఫైళ్ళను కోర్టులు ఎల్లకాలం ఉంచవు. ఎంత ఆలస్యం చేస్తే అంత నష్టం. రాజీతోనో లోక్ అదాలత్‌లోనో ముగిసిన కేసులు ఇంకా కష్టం. "నెలకు 8,000 ఇచ్చుటకు అంగీకరించిరి" అని ఉంటుంది, అప్పుడు భర్త జీతమెంతో ఎక్కడా ఉండదు. మొదటి తేదీ ఖాళీగా ఉంటే మారిందని దేనితో పోల్చి చెబుతారు? అలాంటప్పుడు అతని ఆ ఏటి ఫారం 16, ఆదాయపన్ను రిటర్న్, సర్వీస్ రిజిస్టర్ తెప్పించమని కోర్టునే కోరాలి.

ఆనాడే ఉన్న విషయాన్ని ఇప్పుడు మార్పుగా చూపలేం. "అప్పుడే ఆయనకు రెండు ఫ్లాట్లు ఉన్నాయి, జడ్జిగారు పట్టించుకోలేదు" అనేది అప్పీలులో చెప్పాల్సిన మాట. అప్పటి ఆర్డరు తక్కువగా ఉందన్న కోపంతో పెంపు పిటిషన్ నింపితే అసలు మార్పు ఆ కోపం కింద కప్పబడిపోతుంది.

రెండో తేదీకి రజనీష్ తీర్పే పనిముట్టు ఇచ్చింది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, నెలవారీ ఖర్చులు చూపే అఫిడవిట్ వేయాలి. ఎదుటిపక్షానికి గరిష్ఠంగా నాలుగు వారాలు, రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. అఫిడవిట్‌లో అబద్ధమాడితే తప్పుడు సాక్ష్యం కింద చర్య కోరవచ్చు. దాన్ని నింపించి ఊరుకోవద్దు, పక్కన పెట్టి సరిచూసే కాగితాలు మీరే సంపాదించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పొలం అయితే ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో భూభారతి రికార్డు, బండి ఆర్‌సీ వివరాలు. జీతం వివరాలకు చాలామంది ఆర్‌టీఐ అర్జీ పెడతారు. అది వ్యక్తిగత సమాచారమంటూ తిప్పి పంపడం మామూలే. యజమానికి కోర్టు ద్వారా సమన్లు పంపించి పే స్లిప్పులు తెప్పించడమే సరైన దారి.

పే స్లిప్ చదవడం కూడా తెలియాలి. ఆదాయపన్ను, తప్పనిసరి పీఎఫ్, వృత్తి పన్ను తీసేసిన తర్వాత మిగిలేదే లెక్కలోకి వచ్చే నికర జీతం. ఇంటి లోను ఈఎంఐ, ఎల్‌ఐసీ ప్రీమియం, సొసైటీ అప్పు, స్వచ్ఛందంగా పెంచుకున్న పీఎఫ్ ఇవన్నీ అతను తన కోసం చేసుకున్నవి. వీటిని తీసేసి "నాకు చేతికొచ్చేది ఇంతే" అంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ప్రభుత్వ ఉద్యోగులైతే పీఆర్‌సీ (వేతన సవరణ) అమలైన తేదీ దొరికితే చాలు. తెలంగాణలో 2021లో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) వచ్చాయి. పాత ఆర్డరు అంతకు ముందుదైతే మార్పు జీవోలోనే ఉన్నట్టు. వ్యాపారం చేసేవారి దగ్గర మాత్రం రిటర్న్ చూసి మోసపోకండి. జీఎస్టీ టర్నోవరు, కరెంట్ ఖాతా స్టేట్‌మెంట్, పిల్లల స్కూలు ఫీజు రసీదు అసలు సంగతి చెబుతాయి.

ఎంత అడగాలి? ఒక లెక్క వేసి చూద్దాం. 2015లో భర్త నికర జీతం 32,000, కోర్టు నాలుగో వంతు చొప్పున 8,000 వేసిందనుకోండి. 2025లో జీతం 90,000. ఏటా 5 శాతం ధరల పెరుగుదల మాత్రమే వేసుకుంటే ఆ 8,000 పదేళ్ళకు సుమారు 13,000 అవుతుంది. నాలుగో వంతే మళ్ళీ వేస్తే 22,500. పెంపు తగాదా అంతా ఈ 13,000కు, 22,500కు మధ్య ఉన్న ఖాళీలోనే జరుగుతుంది.

ఆ ఖాళీలో ఎటు మొగ్గాలో సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసు సరిగ్గా పెంపు గురించినదే. భర్త నికర జీతం 63 వేల పైచిలుకు నుంచి 95 వేల పైచిలుకుకు పెరిగిందని హైకోర్టు 16,000ను 23,000 చేసింది. నికర జీతంలో నాలుగో వంతు న్యాయమైనదేనని సుప్రీంకోర్టు చెబుతూనే, అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఆ కుటుంబాన్నీ పోషించాలి అని 20,000కు తగ్గించింది. నాలుగో వంతును చట్టంలో రాసిన వాటాలాగా చదివేవారున్నారు. అది కొలబద్ద మాత్రమే.

2024 డిసెంబరులో ఒక శ్రీమంతుల కేసులో అదే కోర్టు ఇంకోవైపు నుంచి హెచ్చరించింది. విడిపోయిన తర్వాత భర్త ఎంత ఎదిగితే అంత స్థాయిలో జీవితాంతం పోషించమని అడగడం కుదరదు, భరణం ఆస్తులు సమానం చేసే పద్ధతి కాదు అంది. రేపు అతను దివాళా తీస్తే సమానత్వం కోరతారా అని కూడా అడిగింది. 2025 మే 29న మరో తీర్పులో మాత్రం 20,000ను 50,000 చేసింది. అది అప్పీలులో వచ్చిన పెంపు, సెక్షన్ 25(2) పిటిషన్ కాదు. అయినా కారణాలు పనికొస్తాయి: ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, వేరే ఆధారం లేదు, ధరలు పెరిగాయి, కాపురంలో ఉన్నప్పటి జీవన స్థాయికి తగ్గకుండా ఉండాలి. 26 ఏళ్ళ కొడుకు పేరున మాత్రం ఏమీ వేయలేదు.

ఈ తీర్పులన్నీ కలిపి చదివితే నాకు కనిపించేది ఇది. అతని జీతం పెరిగిందన్నది తలుపు తెరుస్తుంది, ఆమె అవసరం ఎంత పెరిగిందన్నది మొత్తాన్ని తేలుస్తుంది. అందుకే నెలవారీ ఖర్చుల పట్టిక కీలకం. అద్దె ఒప్పందాలు అప్పటిదీ ఇప్పటిదీ, మందుల బిల్లులు ఏడాదివి, కరెంటు, గ్యాస్, ఆరోగ్య బీమా ప్రీమియం, ఇలా ఒక్కో పద్దుకు రెండు తేదీల అంకెలు. "ఇతర ఖర్చులు 15,000" అని గుత్తగా రాస్తే ఎదుటి లాయరు దాని మీదే గంటసేపు ప్రశ్నలు వేస్తాడు.

ఇప్పుడు చెల్లించేవారి వైపు. ఉద్యోగం పోయినా, రిటైరైనా డబ్బు ఆపేయకండి. ఆర్డరు మారేవరకు ప్రతి నెలా బకాయి పడుతూనే ఉంటుంది. మీరు కూడా అదే సెక్షన్ కింద తగ్గింపు పిటిషన్ వేయాలి, అదీ వెంటనే. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా సెక్షన్ 25(3) కింద కోర్టుకు చెప్పి ఆర్డరు తీసుకోవాలి. ఆమెకు ఉద్యోగం ఉంటే జీతం రుజువు చేయాలి. "ఎంబీఏ చదివింది, సంపాదించగలదు" అన్న మాట ఒక్కటే సరిపోదు. సంపాదించగలగడం వేరు, సంపాదిస్తూ ఉండడం వేరు అని సుప్రీంకోర్టు 2017లోనే తేడా చూపింది.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుని, ఒకేసారి పెద్ద మొత్తం పుచ్చుకుని, "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని సంతకం పెట్టినవారికి పెంపు చాలా కష్టం. ఎంసీ దారిలో హక్కును స్వచ్ఛందంగా వదులుకున్నారని తేలితే ఉన్న ఆర్డరు కూడా రద్దవుతుంది. సెక్షన్ 25 కింద అలాంటి సంతకం ఎంతవరకు కట్టేస్తుందన్న దాని మీద హైకోర్టులది ఒక్క మాట కాదు. కానీ ఆ సంతకం పిల్లల్ని కట్టేయదు. పిల్లల పోషణ, చదువు వారి సొంత హక్కు, తల్లి వదులుకున్నా వారు వదులుకున్నట్టు కాదు. పెళ్ళికాని కూతురు పద్దెనిమిది దాటాక ఎంసీలో అడగలేదు, వైకల్యం ఉంటే తప్ప. హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 కింద అడగవచ్చు.

ఎప్పటి నుంచి పెంపు? సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి. గడిచిపోయిన ఏళ్ళకు వెనక్కి వెళ్ళి ఇవ్వరు. పిల్లాడు ఇంటర్ అయ్యాక చూద్దాం అని ఆగిన ప్రతి నెలా పోయినట్టే. లాయరు ఫీజు లేదని ఆగనక్కర లేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

వసూలు గురించి రెండు ముక్కలు. ఎంసీ బకాయికి వారంటు కావాలంటే అది బకాయి పడ్డ ఏడాదిలోపు అడగాలి. డిక్రీ భరణం అయితే అమలు పిటిషన్ వేసి జీతం అటాచ్ చేయించవచ్చు. మామూలు అప్పులకు జీతంలో మూడో వంతుకు మించి తాకనివ్వని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60, మనోవర్తికి మూడింట రెండు వంతుల వరకు అనుమతిస్తుంది. మాజీ భర్త డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే సంగతి వేరు. డిక్రీల పరస్పర అమలుకు భారత్ నోటిఫై చేసిన దేశాల్లో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. అక్కడి జీతాన్ని ఇక్కడి నుంచి పట్టుకోవడం కంటే ఇక్కడున్న ఆస్తి మీద ఛార్జి (మనోవర్తి బాకీకి ఆస్తిని హామీగా కట్టడం) వేయించడం మేలు. సెక్షన్ 25(1)లోనే ఆ వీలుంది. ఛార్జి ఉన్న ఆర్డరును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీలో కనిపించేలా చేయించుకోవాలి, లేకపోతే తెలియక కొన్నానని కొన్నవాడు తప్పించుకుంటాడు.

ఇక ఇప్పుడు రాజీ రాసుకుంటున్నవారికి, రాయించే లాయర్లకు. పెంపు నిబంధన మొదటి కాగితంలోనే రాయండి, అంకె జాగ్రత్తగా చూసుకోండి. 2025 తీర్పులో 50,000 మీద రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు పెట్టారు. వినడానికి బాగుంది. పదేళ్ళకు ఐదు పెంపులతో సుమారు 63,800 అవుతుంది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతం ద్రవ్యోల్బణమే వేసుకున్నా అదే 50,000 పదేళ్ళకు 74,000 కావాలి. అంటే పెంపు ఉన్నా ఏటేటా కొనుగోలు శక్తి తగ్గుతూనే ఉంటుంది. రాజీలో ఏటా 5 శాతం రాసుకోవచ్చు, ప్రభుత్వ ఉద్యోగి అయితే డీఏ పెరిగినప్పుడల్లా అదే నిష్పత్తిలో అని రాసుకోవచ్చు. ఏ నెల నుంచి పెరుగుతుందో, ఎవరూ అడగకుండానే పెరుగుతుందో లేదో, ఏ ఖాతాలో ఏ తేదీకి పడాలో, అతని రిటైర్మెంట్ తర్వాత ఎంతో వాక్యాల్లో ఉండాలి. ఆంధ్రలో పదవీ విరమణ వయసు 62, తెలంగాణలో 61. భర్తకు ఇప్పుడు యాభై అయితే ఆ రోజు ఎంతో దూరంలో లేదు. రాజీ పత్రంలో ఇద్దరి ఆ నాటి నికర ఆదాయం అంకెల్లో, పే స్లిప్ జత చేసి రాయించండి. రేపు ఎవరు పెంపు అడిగినా, ఎవరు తగ్గింపు అడిగినా మొదటి తేదీ ఖాళీగా ఉండదు.